కన్ను ఎర్రబడితే కలకేనా? యువైటిస్ గురించి కొన్ని సంగతులు

మా ఊళ్ళో తెలుగు సంఘం వాళ్ళు ఉగాదికీ సంక్రాంతికీ జరిపే సభల్లో డాక్టర్లందరికీ ఓ మూల బల్లలు వేసి కూర్చోబెడతారు. రక్తపోటు చూసే బల్ల దగ్గర బారు, చక్కెర చూసే బల్ల దగ్గర ఇంకా పెద్ద బారు. నేను కంటి వైద్యుణ్ణి కనక నా దగ్గరికి జనం పులిహోర తిన్నాక తీరిగ్గా వస్తారు. మామూలుగా అడిగేవి కళ్ళద్దాల గురించి, లేసర్ ఆపరేషన్ గురించి, ఇండియాలో ఉన్న అమ్మగారి శుక్లాల గురించి. ఈ మధ్య మాత్రం ఒక్క ఏడాదిలోనే ముగ్గురు వేరే ప్రశ్న వేశారు. "నాకు యువైటిస్ అన్నారండీ. ఇంటర్నెట్‌లో చూస్తే గుడ్డితనం అని రాసి ఉంది. అసలిదేమిటి?" అని. ముగ్గురూ నలభై ఏళ్ళ లోపు వాళ్ళే. సభ గోలలో ఐదు నిమిషాల్లో చెప్పగలిగిన విషయం కాదు. అందుకని ఈ వ్యాసం.

ముందే ఒక మాట. నేను యువైటిస్ ప్రత్యేక నిపుణుణ్ణి కాను, సాధారణ కంటి వైద్యుణ్ణి. ఈ జబ్బును మొదట పట్టుకోవలసిందీ, ఒక్కోసారి పట్టుకోలేక వదిలేసేదీ మాలాంటి వాళ్ళమే. నేనూ ఒకసారి వదిలేశాను. అదీ మా అక్క మొగుడి విషయంలో.

కొన్నేళ్ళ కిందట ఒక శుక్రవారం సాయంత్రం మా బావగారు ఫోన్ చేశారు. ఆయన వేరే రాష్ట్రంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "కుడికన్ను ఎర్రగా అయిందోయ్, నొప్పిగా ఉంది, లైటు చూడలేకపోతున్నాను" అన్నారు. నేను ఆ సమయానికి పిల్లదాని నాట్య ప్రదర్శన దగ్గర ఉన్నాను. "ఆఫీసులో ఎవరికో కలక వచ్చి ఉంటుంది, అంటుకుంది. చల్లటి గుడ్డ వేసుకోండి బావగారూ, రెండ్రోజుల్లో తగ్గిపోతుంది" అన్నాను. ఆయన చెప్పిన మూడు మాటల్లో మూడోది నా చెవిన పడలేదు. మంగళవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "మీ బావగారి కంట్లో పాప గుండ్రంగా లేదురా, వంకరగా ఉంది" అని. ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. గంటలో ఆయన్ని అక్కడి కంటి డాక్టరు దగ్గరికి పంపించాను. అప్పటికే పాప అంచు వెనకనున్న కటకానికి రెండు చోట్ల అతుక్కుపోయింది. ఒక అతుకు మందుకు విడివడింది, రెండోది విడలేదు. ఈ రోజుకీ ఆయన కుడికంటి పాప అంచు కొరికిన అప్పచ్చిలాగే ఉంటుంది.

లైటు చూడలేకపోవడం అన్న ఆ మూడో మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు యువియా అంటే ఏమిటో చూద్దాం.

కంట్లో ద్రాక్షపండు

కనుగుడ్డుకి మూడు పొరలు. బయటిది గట్టి పొర. ముందువైపు అద్దంలా ఉండే కార్నియా, మిగతాదంతా తెల్లగుడ్డు. అన్నిటికన్నా లోపలి పొర రెటీనా, సినిమా తెర లాంటిది. ఈ రెంటి మధ్యా నల్లగా, నిండా రక్తనాళాలతో ఉండే పొర యువియా. లాటిన్‌లో ఉవా అంటే ద్రాక్షపండు. పైనున్న తెల్ల పొర ఒలిచేస్తే లోపలి నల్లటి గుడ్డు తొక్క తీసిన నల్లద్రాక్షలా కనిపిస్తుంది కాబట్టి పూర్వపు శరీర శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు.

యువియాలో మూడు భాగాలున్నాయి. ముందు ఐరిస్, అంటే పాప చుట్టూ రంగుగా కనపడే ఉంగరం. మనవాళ్ళకి చాలామటుకు ముదురు గోధుమ రంగు. దాని వెనక, కంట్లో నీటిని తయారుచేసే సిలియరీ బాడీ. అక్కణ్ణుంచి వెనకదాకా రెటీనాకి కింద పరుపులా పరుచుకున్న కోరాయిడ్. మూడింట్లో దేనికి వాపు వచ్చినా యువైటిస్ అనే అంటాం. ఇక్కడ వాపు అంటే పైకి ఉబ్బి కనిపించేదని కాదు. శరీరంలోని తెల్ల రక్తకణాలు అక్కడికి దండెత్తి వచ్చి చేసే గొడవ. యువియాకి రక్తప్రసారం మరీ ఎక్కువ కాబట్టి ఒంట్లో ఎక్కడ ఏ తగాదా జరిగినా దాని సెగ ఇక్కడికి తగలడం తేలిక.

వాపు ఎక్కడుందన్న దాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీస్తారు. దీని మీద ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి ఉండేది. 2004లో బాల్టిమోర్‌లో నిపుణులు సమావేశమై ఒక ఒప్పందానికి వచ్చారు, 2005లో అది ప్రచురితమైంది. ముందు గదిలో ఉంటే యాంటీరియర్. మధ్యలో, విట్రియస్ అనే జెల్లీ ప్రధాన స్థానంగా ఉంటే ఇంటర్మీడియట్. వెనక కోరాయిడ్‌కో రెటీనాకో వస్తే పోస్టీరియర్. అన్నిచోట్లా ఉంటే పాన్ యువైటిస్. మీ రిపోర్టులో ఈ నాలుగు మాటల్లో ఏది రాశారో చూసుకోండి. మిగతా కథంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. అన్నిటికన్నా తరచుగా వచ్చేది మొదటిది. మా బావగారిదీ అదే.

కలకకీ దీనికీ తేడా

కలక వస్తే కళ్ళు పుసులు కడతాయి, పొద్దున్నే రెప్పలు అంటుకుపోతాయి, దురదో గరగరో ఉంటుంది, ఒక కంటితో మొదలై రెండో కంటికీ పాకుతుంది. ఎరుపు రెప్ప లోపలి వైపూ తెల్లగుడ్డు అంచుల దగ్గరా ఎక్కువ. చూపు మాత్రం, పుసి తుడిచేస్తే, దాదాపు మామూలుగానే ఉంటుంది.

యాంటీరియర్ యువైటిస్‌లో పుసి ఉండదు, నీరు కారుతుంది. నొప్పి గుడ్డు లోపలి నుంచి సలుపుతున్నట్టుంటుంది, కొందరికి కణత దాకా పాకుతుంది. ఎరుపు నల్లగుడ్డు చుట్టూ వలయంలా, కాస్త ఊదా రంగు కలిసినట్టుగా ఉంటుంది. చూపు మసకబారుతుంది. వెలుతురు అసలు పడదు. పరీక్షకని నేనొక చిన్న పని చేస్తాను. నొప్పి ఉన్న కన్ను మూయించి, బాగున్న కంట్లోకి లైటు వేస్తాను. రెండు పాపలూ ఒకేసారి ముడుచుకుంటాయి కనక, మూసి ఉన్న కన్ను చురుక్కుమంటే కథ ఐరిస్‌లో ఉందన్నమాట. ఇది ఇంట్లో కూడా చూసుకోవచ్చు. కాని చురుక్కుమనలేదు కదా అని ధైర్యంగా ఇంట్లో కూర్చోకండి. నొప్పి, వెలుగు పడకపోవడం, చూపు మసక, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే, పోనీ మర్నాడు, కంటి డాక్టరు చూడాలి. ఫోనులో మా లాంటి బామ్మర్ది చెప్పిన మాట చాలదు.

ఇంటర్మీడియట్, పోస్టీరియర్ రకాల్లో కన్ను తెల్లగా, చక్కగా ఉండొచ్చు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. కళ్ళ ముందు ఈగలు, నూలు పోగులు తేలుతున్నట్టుంటుంది. చూపు మంచు పట్టినట్టవుతుంది. అద్దాలు మార్చాలేమో అనుకుని నెలలు గడిపేసేది వీళ్ళే.

అన్నట్టు, ఈ జబ్బు కంప్యూటరు చూడటం వల్ల రాదు. "వేడి చేసి" కూడా రాదు. నందివర్ధనం పూలు రెప్పల మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, నేనూ చిన్నప్పుడు మా నాయనమ్మ చేత పెట్టించుకున్నాను. పొన్నగంటి కూర తింటే మంచిదే. ఆముదం, చనుబాలు, తేనె మాత్రం కంట్లో వెయ్యకండి. అవేవీ లోపలున్న యువియా దాకా పోవు. పైపెచ్చు మరో ఇన్ఫెక్షన్ అంటించి పోతాయి.

డాక్టరు ఏం చూస్తాడు

అత్యవసర క్లినిక్కుల్లో టార్చి వేసి చూసి యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చి పంపడం తరచు జరిగే పని. వాళ్ళని తప్పు పట్టి ప్రయోజనం లేదు. ఈ జబ్బుని టార్చితో పట్టుకోవడం కష్టం, స్లిట్ లాంప్ కావాలి. గడ్డం ఆనించి, నుదురు నొక్కి పెట్టి కూర్చోమంటామే, ఆ యంత్రం. దాన్ని కనిపెట్టిన స్వీడన్ దేశస్థుడు ఆల్వార్ గుల్‌స్ట్రాండ్‌కి 1911లో నోబెల్ బహుమతి వచ్చింది, అయితే ఈ యంత్రానికి కాదు, కంటి కటకాల గణితానికి.

చిన్నప్పుడు టూరింగ్ టాకీస్‌లో నేల టికెట్టు మీద సినిమా చూసిన వాళ్ళకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. వెనక ప్రొజెక్టరు గది కిటికీలోంచి తెర దాకా ఒక వెలుగు దారి ఉండేది గుర్తుందా? అందులో దుమ్ము రేణువులు గిరగిరా తిరుగుతూ, బీడీ పొగ తెల్లగా తేలుతూ కనపడేది. స్లిట్ లాంప్ కూడా కంటి ముందు గదిలోకి అలాంటి సన్నటి వెలుగు పంపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కంట్లో ఆ దారి కనపడదు, అక్కడ ఉన్నది తేటనీరు. యువైటిస్ వచ్చిన కంట్లో దుమ్ము రేణువుల్లా తెల్ల రక్తకణాలు, పొగలా కారిన ప్రోటీన్ కనిపిస్తాయి. మేము కూర్చుని వాటిని లెక్కపెడతాం. ఒక మిల్లీమీటరు చదరపు వెలుగులో 6 నుంచి 15 కణాలుంటే 1+, 16 నుంచి 25 ఉంటే 2+, 50 దాటితే 4+. మీ కాగితంలో 2+ సెల్స్ అని ఉంటే దానర్థం ఇదే. మరుసటి వారం అది 1+ అయితే మందు పని చేస్తోందన్నమాట.

కార్నియా లోపలి వైపు అంటుకున్న చుక్కలు కూడా చూస్తాం. అవి సన్నగా పొడిలా ఉంటే ఒక దారి, గడ్డకట్టిన మాంసపు కొవ్వులా పెద్దగా ఉంటే ఇంకో దారి. రెండో రకం కనపడితే టీబీ, సార్కాయిడోసిస్ లాంటివి ముందుగా గుర్తొస్తాయి. తరవాత కంట్లో ఒత్తిడి కొలిచి, పాప పెద్దది చేసి రెటీనా చూస్తాం. ఈ ఆఖరి పని చెయ్యకుండా "ముందు భాగంలోనే ఉంది" అని ఎవరూ తేల్చకూడదు. వెనక అనుమానం ఉంటే ఓసీటీ స్కాను తీస్తారు, రెండు నిమిషాల పని. రెటీనా నడిమధ్యన నీరు చేరిందా అన్నది అందులో తెలుస్తుంది. యువైటిస్‌లో చూపు పోవడానికి అతి ముఖ్య కారణం ఆ నీరే. కొందరికి చేతి నరంలోకి పసుపు రంగు ఎక్కించి ఫోటోలు తీస్తారు. ఆ రోజంతా మూత్రం ముదురు పసుపుగా వస్తుంది, కంగారు పడకండి.

ఎందుకొస్తుంది

ఇదే అందరూ అడిగేది, ఇదే మా దగ్గర పూర్తి జవాబు లేనిది. ఎన్ని పరీక్షలు చేసినా మూడో వంతు నుంచి సగం మంది దాకా కారణం దొరకదు. దొరికితే మాత్రం అది ఒక్కోసారి కంటితో ఏ సంబంధం లేని జబ్బుని బయట పెడుతుంది.

మా బావగారి సంగతే తీసుకోండి. ఆయనకి ఎనిమిదేళ్ళుగా నడుము నొప్పి. పొద్దున్న లేవగానే అరగంట సేపు నడుం బిగుసుకుపోయేది, అటూ ఇటూ నడిస్తే తగ్గేది. సెలవు రోజున ఎక్కువసేపు పడుకుంటే ఇంకా ఎక్కువయ్యేది. ఆఫీసు కుర్చీ వల్లే అనుకుని రెండు కుర్చీలు మార్చారు, రెండోది మా అక్క ఇప్పటికీ ఖరీదు తలుచుకుని బాధపడే కుర్చీ. కంటి డాక్టరు "మీకు నడుం నొప్పి ఉందా?" అని అడిగినప్పుడు ఆయన నవ్వారట. "ఐటీలో ఎవరికి లేదండీ?" అని. రక్తంలో హెచ్‌ఎల్‌ఏ-బి27 ఉందని తేలింది, ఎంఆర్ఐలో కటి ఎముకల కీళ్ళలో వాపు కనిపించింది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. ఎనిమిదేళ్ళ నడుం నొప్పికి పేరు కంటి డాక్టరు పెట్టాడన్నమాట.

ఇదేమీ వింత కాదు. ఈ బి27కీ, వెన్ను జబ్బుకీ, కంటి వాపుకీ సంబంధం ఉందని 1973 నుంచీ తెలుసు. డబ్లిన్‌లో హఠాత్తుగా యాంటీరియర్ యువైటిస్ వచ్చి ఆసుపత్రికి వచ్చిన వాళ్ళని పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు 40 శాతం మందికి అప్పటిదాకా ఎవరూ గుర్తించని ఇలాంటి కీళ్ళ జబ్బు ఉన్నట్టు తేలింది. బి27 ఉన్న వాళ్ళందరికీ జబ్బు రాదు, చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. అందువల్ల ఏ లక్షణమూ లేకుండా ఊరికే పరీక్ష చేయించుకుని భయపడటం దండగ. కాని కన్ను ఎర్రబడి, నలభై ఐదు లోపు మొదలైన పొద్దుటి నడుం నొప్పి కూడా ఉంటే, రెండూ ఒకే డాక్టరుకి చెప్పండి. సోరియాసిస్, పేగుల్లో పుళ్ళు పడే క్రోన్స్ జబ్బు ఉన్నవాళ్ళకీ ఇదే మాట.

ఇక మనవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది టీబీ గురించి. అమెరికాలో పుట్టి పెరిగిన రోగికి యువైటిస్ వస్తే డాక్టరుకి ఆఖర్న గుర్తొచ్చేది టీబీ. ఇండియాలో పెరిగిన మనకి అది ముందు వరసలో ఉండాలి. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి సంగతి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఈ దేశం వచ్చి ఏడాది కాలేదు. రెండు కళ్ళలోనూ మసక, ఈగలు. అంతకు ముందు ఒకచోట చేతి మీద సూదితో చేసే టీబీ పరీక్ష చేశారు, ఉబ్బింది. "చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నారు కదా, దాని వల్లే" అని కొట్టిపారేశారు. అది నిజం కావచ్చు, బీసీజీ వల్ల ఆ పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు. అందుకే బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష ఒకటుంది, క్వాంటిఫెరాన్ అంటారు. అదీ పాజిటివ్ వచ్చింది. రెటీనా రక్తనాళాల చుట్టూ వాపు, ఛాతీ స్కానులో ఉబ్బిన గ్రంథులు. ఊపిరితిత్తుల డాక్టరు, అంటువ్యాధుల డాక్టరు, నేను కలిసి నిర్ణయించి టీబీ మందులు మొదలుపెట్టాం. ఆ అమ్మాయికి కంటి కన్నా ఎక్కువ భయం ఇంకోటి. "వీసా పోతుందా సార్? అత్తగారికి తెలిస్తే?" అంది. ఏదీ పోలేదు. కౌంటీ ఆరోగ్యశాఖ వాళ్ళే మందులిచ్చారు. కంట్లో మాత్రమే టీబీ ఉన్నవాళ్ళు దగ్గితే ఎవరికీ అంటదు అన్న సంగతి ఇంట్లో వాళ్ళకి కూర్చోబెట్టి చెప్పవలసి వచ్చింది.

దీనికి ఇంకో వైపు కూడా చెప్పాలి. ఇండియాలో పెరిగిన చాలామందికి ఆ రక్తపరీక్ష పాజిటివ్ వస్తుంది. ఒంట్లో ఎక్కడో నిద్రపోతున్న క్రిమి ఉందని మాత్రమే దానర్థం. కంట్లో వాపుకి అదే కారణమని అది ఒక్కటే రుజువు చెయ్యదు. మిగతా ఆధారాలు కలవాలి. టీబీ మందుల్లో ఎథాంబుటాల్ అనేది కంటి నరాన్నే దెబ్బతీసే అవకాశం ఉంది, కనక అది వాడినన్నాళ్ళూ చూపు, రంగులు గుర్తుపట్టే శక్తి పరీక్షించుకుంటూ ఉండాలి.

ఇన్ఫెక్షన్లలో మిగతావి త్వరగా చెప్పేస్తాను. హెర్పిస్ వైరస్, నోటి అంచున పొక్కు వేసేదీ, సర్పి తెచ్చేదీ కూడా. దీంట్లో కంటి ఒత్తిడి పెరగడం ఒక గుర్తు. పిల్లి మలం, సరిగా ఉడకని మాంసం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా. సిఫిలిస్, ఈ పరీక్ష అందరికీ చేస్తారు, డాక్టరు మిమ్మల్ని అనుమానించాడని కోపం తెచ్చుకోవద్దు. 2006లో చికున్‌గున్యా దక్షిణాదిని ఊపేసినప్పుడు, జ్వరం తగ్గిన వారాలకి కళ్ళు ఎర్రబడి వచ్చిన వాళ్ళున్నారు. 1993లో తమిళనాడులో వరదలొచ్చాక మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి ఒకే రకం యువైటిస్‌తో రైతులూ కూలీలూ వరసగా వచ్చారు. ఎలుకల మూత్రంతో నీళ్ళలో కలిసే లెప్టోస్పైరా దానికి కారణమని అక్కడి వైద్యులు తేల్చారు. 2014లో ఎబోలా నుంచి బతికి బయటపడ్డ అమెరికన్ డాక్టర్ ఇయాన్ క్రోజియర్ కంట్లో, రక్తంలో వైరస్ పోయిన చాలా వారాల తరవాత కూడా, ఆ వైరస్ బతికే ఉంది. యువైటిస్ వచ్చి ఆయన నీలికన్ను కొన్నాళ్ళు ఆకుపచ్చగా మారింది. కన్ను ఒంట్లోని కావలివాళ్ళ చూపు సరిగా ఆనని గది. దొంగలు అక్కడ దాక్కోవడం ఇలాగే.

మనలాంటి గోధుమ, నలుపు ఛాయ ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపించే ఇంకో జబ్బు, వోగ్ట్-కోయనాగి-హరాడా. శరీరం తన రంగుకణాల మీద తానే దాడి చేస్తుంది. ముందు తలనొప్పి, చెవుల్లో హోరు, ఆ తరవాత రెండు కళ్ళూ ఒక్కసారిగా మసకబారి రెటీనా కింద నీరు చేరుతుంది. నెలల తరవాత కనురెప్పల వెంట్రుకలు నెరవొచ్చు, బొల్లి మచ్చలు రావొచ్చు. మొదట్లోనే గట్టి మోతాదులో స్టెరాయిడ్ ఇస్తే చూపు బాగా తిరిగొస్తుంది. ఆలస్యమైతే ఏళ్ళ తరబడి సాగుతుంది. దీని చుట్టం లాంటిదే ఇంకోటి. ఒక కంటికి లోతుగా దెబ్బ తగిలితే, బాగున్న రెండో కన్నూ వాచిపోవడం. మూడేళ్ళ వయసులో తండ్రి తోలుపని కొట్టంలో ఒక కంట్లో ఆరె గుచ్చుకుని, ఐదేళ్ళకల్లా రెండు కళ్ళూ పోగొట్టుకున్న లూయీ బ్రెయిల్‌కి ఇదే జరిగి ఉంటుందని చాలామంది కంటి వైద్యులు అనుకుంటారు.

పిల్లల సంగతి

ఇది విడిగా చెప్పాలి. చిన్నపిల్లలకి వచ్చే కీళ్ళవాతం ఒకటుంది, జువెనైల్ ఆర్థ్రైటిస్ అంటారు. మోకాలు వాస్తుంది, ఆడుకుంటూ పడిందేమో అనుకుంటాం. వీళ్ళలో కొందరికి వచ్చే యువైటిస్‌కి ఎరుపు ఉండదు, నొప్పి ఉండదు, పిల్ల ఏమీ చెప్పదు. స్కూల్లో చూపు పరీక్ష తప్పేసరికి ఐరిస్ అతుక్కుపోయి, శుక్లం వచ్చేసి ఉంటుంది. అందుకే ఆ పిల్లలకి కన్ను బాగానే కనిపిస్తున్నా స్లిట్ లాంప్ పరీక్ష చేయిస్తూ ఉండాలి. ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళకి మూడు నెలలకోసారి. "బాగానే చూస్తోంది కదండీ, ప్రతిసారీ ఎందుకు?" అని అడిగే తండ్రుల్ని చూశాను. ఆ ప్రశ్న మానేసి అపాయింట్‌మెంటు ఉంచుకోండి.

మందులూ, సూట్‌కేసు మందులూ

యాంటీరియర్ రకానికి స్టెరాయిడ్ చుక్కలు, మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి. ప్రెడ్నిసలోన్ సీసా వేసే ముందు బాగా కుదపాలి, మందు అడుగున పేరుకుంటుంది. కుదపకుండా వేసుకుని పని చెయ్యలేదన్న వాళ్ళు నాకు ఏటా కనపడతారు. దాంతోపాటు పాపను పెద్దది చేసే చుక్కలు. నొప్పి తగ్గించడానికీ, మా బావగారికి అయినట్టు అతుక్కుపోకుండా ఉండడానికీ అవి. ఎరుపు నాలుగు రోజుల్లో పోతుంది, కణాలు పోవు. అందుకే చుక్కలు వారాల తరబడి మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఎరుపు పోయింది కదా అని ఆపేస్తే రెండో వారంలో మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక్కడ మన సూట్‌కేసుల సంగతి. ఇండియా వెళ్ళొచ్చేటప్పుడు ఆవకాయతో పాటు మందులూ తెచ్చుకోవడం మనందరికీ అలవాటు. అక్కడ మందుల కొట్లో చీటీ లేకుండానే ఇచ్చే చాలా కంటి చుక్కల్లో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. కన్ను ఎర్రబడినప్పుడల్లా రెండు చుక్కలు వేసుకుంటే మంత్రం వేసినట్టు తగ్గుతుంది. లోపల హెర్పిస్ ఉంటే ఆ స్టెరాయిడ్ దాన్ని పెంచి పోషిస్తుంది. నెలల తరబడి వాడితే కొందరికి కంటి ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా నీటికాసులు వస్తాయి. శుక్లం తొందరపడుతుంది. అదీగాక, డాక్టరు దగ్గరికి వచ్చేసరికి సగం తగ్గి ఉండటంతో అసలు జబ్బేదో పోల్చుకోవడం కష్టమవుతుంది. మీ ఇంట్లో అలాంటి సీసా ఉంటే పేరు చదివి చూడండి. వాడి ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చూపించండి.

చుక్కలు కంటి వెనక దాకా పోవు. అక్కడ వాపుంటే మాత్రలో, కంటి పక్కనో లోపలో ఇంజెక్షనో కావాలి. నెలలు గడిచినా స్టెరాయిడ్ తగ్గించలేకపోతే మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్ లాంటివి మొదలుపెడతారు. ఈ రెంటినీ పోల్చి 2019లో ప్రచురించిన అంతర్జాతీయ పరీక్షలో రోగుల్లో చాలామంది మన దేశం వాళ్ళే. చవకైన మెథోట్రెక్సేట్ రెండోదానికి ఏమీ తీసిపోలేదు. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది, సీసా మీద వారం పేరు రాసి పెట్టుకోండి. పిల్లల్ని కనాలనుకుంటున్న వాళ్ళు ముందే చెప్పాలి. దానికీ లొంగకపోతే అడాలిముమాబ్ ఇంజెక్షన్. ఇన్ఫెక్షన్ వల్ల రాని యువైటిస్‌కి అమెరికాలో దీనికి 2016లో అనుమతి వచ్చింది. అది మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్-బి పరీక్షలు తప్పనిసరి. నిద్రపోతున్న టీబీని ఆ మందు లేపుతుంది. మనవాళ్ళ విషయంలో ఇది మాటవరసకి చెప్పే హెచ్చరిక కాదు.

బీమా గురించి ఒక్క ముక్క. కంపెనీ ఇచ్చే విజన్ బీమా కళ్ళద్దాల కోసం. యువైటిస్ వైద్యానికి వాడవలసింది మామూలు మెడికల్ బీమా. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే "కన్ను ఎర్రగా ఉంది, నొప్పి, వెలుగు పడటం లేదు" అని ఈ మూడూ చెబితే ఫోన్ తీసిన అమ్మాయి మూడు వారాల తరవాత తేదీ కాకుండా ఈ రోజే రమ్మంటుంది. మధ్యలో ఇండియా వెళ్ళవలసి వస్తే పరీక్షల కాగితాలు, ఓసీటీ బొమ్మలు వెంట పట్టుకెళ్ళండి. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, చెన్నైలో శంకర నేత్రాలయ, మదురైలో అరవింద్, మూడుచోట్లా యువైటిస్ ప్రత్యేక విభాగాలున్నాయి. నిజానికి టీబీ కంటిని చూసిన అనుభవం ఇక్కడివాళ్ళకన్నా వాళ్ళకే ఎక్కువ.

మా బావగారికి ఆ తరవాత రెండుసార్లు తిరగబెట్టింది, ఒకసారి ఎడమ కంటికి. రెండుసార్లూ వెలుగు పడటం లేదని అనిపించిన పూటే డాక్టరు దగ్గరికి వెళ్ళారు, కొత్త అతుకులు పడలేదు. నడుముకి వ్యాయామం, ఇంజెక్షన్లు సాగుతున్నాయి. చూపు రెండు కళ్ళకీ 20/20. నాకు ఫోన్ చేస్తూనే ఉంటారు కాని, కంటి గురించి మాత్రం డాక్టర్ని చూసొచ్చాకే చేస్తారు.